గడప దాటిన జాడీలు

దొడ్లో వంకాయలు విరగకాస్తే ఇక ఆ ఏడాది కూరకు లోటుండదనుకునేవాళ్ళు పల్నాటి ఎండాకాలం చూసినవాళ్ళు కాదు. పెళ్ళయ్యేదాకా నేనూ చూడలేదు. నా పుట్టిల్లు అచ్చంపేట వైపు, కృష్ణ ఒడ్డున. అక్కడ ఏరు తగ్గినకొద్దీ ఇసకలో దోసపాదులు, పుచ్చపాదులు పెట్టేవాళ్ళు. నడి ఎండల్లో కూడా ఏదో ఒక పచ్చికాయ ఇంట్లో దొర్లుతూ ఉండేది. యాభైల్లో నన్ను గురజాలకీ నడికుడికీ నడుమ ఉన్న ఒక ఊరికి కాపురానికి పంపారు. ఆ ఊళ్ళో ఉన్నవల్లా నల్లరేగడి చేలూ, నాపరాళ్ళూ, ఎండా.

ఇంట్లో మగదిక్కు మా ఆయన ఒక్కడే. మామ, మా ఆయన చిన్నతనంలోనే పోయాడు. మా ఆయనకు ఒక తమ్ముడు కూడా ఉండేవాడట, పసితనంలోనే పోయాడట. అంతకు మించి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇక అత్త. సన్నగా, పొడుగ్గా ఉండేది. నవ్వడం తక్కువ, మాట్లాడడం ఇంకా తక్కువ. కన్ను మాత్రం దొడ్లో ప్రతి పాదు మీదా ఉండేది. ఆకు చాటున ఒక్క బీరకాయ ముదిరిపోయినా ఆ పూట నాకు అక్షింతలే.

దొడ్డి అంటే బావి చుట్టూ నాలుగు మళ్ళు. తొలకరికి గింజ వేస్తే దసరా నాటికి బీర, కాకర, గోరుచిక్కుడు మొదలయ్యేవి. చలి ముదిరేసరికి వంకాయ, చిక్కుడు, మిరప, దోస అన్నీ ఒక్కసారిగా మీద పడేవి. తినేది ముగ్గురం, కాసేది పెళ్ళివారికి సరిపోయేంత. కొత్తలో నేను, ఇన్నెందుకు మనకి, వీధిలో తలా కాసిని ఇద్దాం అత్తా అన్నాను. ఎగాదిగా చూసింది.

"ఇద్దాంలే. ముందు ఎండాకాలం గడవనీ."

అంతే, కత్తిపీట నా ముందుకు నెట్టింది. ఆ చలికాలమంతా నేను ఆ కత్తిపీట ముందే ఉన్నానని ఇప్పటికీ అనిపిస్తుంది. వంకాయలు చీలికలు చేసి ఉప్పు పట్టించడం, గోరుచిక్కుళ్ళకి ఉప్పునీళ్ళలో ఒక్క పొంగు రానిచ్చి వార్చడం, కాకరకాయలు చక్రాలుగా తరిగి పుల్లమజ్జిగలో ఊరేయడం. ఊరమిరపకాయలకు గాట్లు పెట్టి పెట్టి నా వేళ్ళు మండేవి. ఆ చేత్తోనే మర్చిపోయి కన్ను నలుపుకుంటే ఇక ఆ పొద్దంతా ఏడుపే. అత్త వచ్చి చూసి, "ఏడిస్తే తగ్గదు, మజ్జిగతో కడుక్కో" అని వెళ్ళిపోయేది.

తరిగినవన్నీ వాకిట్లో నాపబండల మీద పరిచేవాళ్ళం. మా వైపు ఇళ్ళకు కిందా నాపరాయే, పైనా నాపరాయే. ఆ బండ కాలిందంటే పాదం మోపలేం. పొద్దున పరిచిన వంకాయ చీలిక సాయంత్రానికి ముడుచుకునేది. అలా రోజుల తరబడి ఎండి వరుగయ్యేది. అయినా అత్తకు నమ్మకం కుదిరేది కాదు. గుప్పెడు తీసి చెవి దగ్గర పెట్టుకుని ఆడించి వినేది. గలగలమంటే కుండకెత్తేది. కాస్త మెత్తగా పలికినా మళ్ళీ బండ మీదికే. ఒక్క ముక్కలో తడి మిగిలితే కుండంతా బూజు పడుతుందనేది. ఎత్తిన కుండకు గుడ్డతో వాసెన కట్టి, లోపలి అరలో గోడ వారగా పేర్చేది.

ఆ అర మా ఇంటికి నడిగది పక్కన. కిటికీ లేదు, ఒకటే తలుపు. లోపల వరుగుల కుండలు, గుమ్మడి వడియాల డబ్బా, పండుమిరపకాయలూ చింతపండూ కలిపి నూరిన కొరివికారం జాడీ, గోంగూర జాడీ, ఊరమిరపకాయల బాన, ఓ మూల చింతకాయ తొక్కు చిన్న జాడీ. తలుపు తీస్తే ఘాటుకి తుమ్ము వచ్చేది. బీరకాయ చెక్కు పారేస్తే ఒప్పుకునేది కాదు, పచ్చడి చేయించేది. దోసగింజలు కడిగి ఎండబెట్టించేది. ఇంత పీనాసి మనిషి చేతిలో పడ్డానేమిటా అని నేను లోపల్లోపల గొణుక్కునేదాన్ని.

శివరాత్రి దాటాక బావి అడుగంటింది. మళ్ళలో తీగలన్నీ తాళ్ళయిపోయాయి. వైశాఖానికి ఊరంతా తిరిగినా పచ్చటి ఆకు కనిపించలేదు. అప్పుడు అత్త అర తలుపు తీసి, గుప్పెడు వంకాయ వరుగులు తెచ్చి నీళ్ళలో నానేసింది. పులుసు పెట్టింది. జొన్నన్నంలో ఆ పులుసు పోసుకుని తింటూ నేను తల ఎత్తలేదు. ఎత్తితే ఆమె మొహం చూడాలి. చూస్తే, ఇన్నెందుకు అనవేమే ఇప్పుడు అని అడిగినట్టే ఉండేది ఆ మొహం. నేను మనసులో పీనాసి అన్న మాట వెనక్కి తీసుకున్నాను. చాన్నాళ్ళు కాదు, ఓ రెండేళ్ళు మాత్రం.

ఇక్కడ మా ఇళ్ళలోని ఒక పద్ధతి గురించి చెప్పాలి. ఇంట్లో మనిషి పోతే ఆ ఇంటికి మైల. మైల తగిలిన తిండి పనికిరాదు. వండిన అన్నం, కడవలో నీళ్ళు పారబోశారంటే అర్థముంది. మా ఊళ్ళో ఊరగాయలు, వరుగులు, వడియాలు కూడా పెంటదిబ్బ మీద పోయాల్సిందే. గాదెలో జొన్నలకు మాత్రం తగలదట. ఎందుకు తగలదో నాకు ఎవరూ చెప్పలేదు. ఆ నియమం పెట్టినవాడికీ ఆకలి వేసి ఉంటుందని నేననుకుంటాను.

అందుకని మనిషి ఇక దక్కదని తేలితే, ప్రాణం ఉండగానే జాడీలు మరో ఇంటికి దాటించేవాళ్ళు. దాయాదుల ఇల్లు పనికిరాదు, వాళ్ళకూ అదే మైల. ఇంటిపేరు వేరైన ఇల్లు కావాలి. ఎవరింట్లోంచైనా జాడీలు బయటికి వస్తున్నాయంటే ఊళ్ళో ఎవరూ ఎందుకని అడిగేవాళ్ళు కాదు. మగవాళ్ళు పాడెకు వెదుళ్ళు ఎక్కడున్నాయో చూసుకునేవాళ్ళు. నేనూ ఒకసారి వీధిలో ఎవరివో కుండలు అలా మోసుకుపోతుంటే చూశాను. చూసి, పాపం అనుకుని, నా పనిలో నేను పడ్డాను.

ఆ తర్వాత మాఘమాసంలో నాకు జ్వరం తగిలింది. మొదట మామూలు జ్వరమే అనుకున్నారు. కషాయాలిచ్చారు. దిగలేదు. ఒళ్ళంతా పేలిపోయేది, నాలుక పిడచగట్టుకుపోయేది. గురజాల నుంచి డాక్టరును బండిలో తీసుకొచ్చారు. టైఫాయిడ్ అన్నాడు, మందిచ్చాడు. మరోసారి వచ్చినప్పుడు మందు ఇవ్వలేదు. మా ఆయన్ను వాకిట్లోకి పిలిచి ఏదో చెప్పాడు. మా ఆయన లోపలికొచ్చి నా మంచం పక్కన నిలబడి, నా మొహం తప్ప గదిలో అన్నీ చూశాడు.

నా మంచం నడిగదిలో ఉండేది. అరలోంచి బయటికి పోవాలంటే ఆ మంచం పక్కనుంచే పోవాలి.

మర్నాడు పొద్దున, ఎండ అప్పుడే గడప మీద పడింది. నాకు తెలివి వస్తూ పోతూ ఉంది. అత్తా, పక్కింటి పిన్నీ అరలోకి పోయారు. పక్కింటి పిన్ని మాకు చుట్టం కాదు, వరసకు అలా పిలిచేదాన్ని. పిన్ని గోరుచిక్కుడు వరుగు కుండ ఎత్తుకుని బయటికి నడిచింది. ఎండకు పెడుతున్నారు కాబోలు, నేను పడుకుంటే ఆ పని వాళ్ళ మీద పడింది అనుకున్నాను. తర్వాత కాకర వరుగులు పోయాయి. తర్వాత వడియాల డబ్బా. అప్పుడు మా ఆయన వచ్చి, కొరివికారం జాడీ పొట్టకి ఆనించుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ నా మంచం పక్కనుంచి నడిచాడు.

కొరివికారాన్ని ఎవరూ ఎండకు పెట్టరు.

అప్పుడు తెలిసింది నాకు. చచ్చిపోతానని డాక్టరు చెప్పలేదు, మొగుడు చెప్పలేదు, జాడీ చెప్పింది. ఆ చలికాలం ఆ మిరపకాయలు తొడిమలు తీసింది నేను. రోట్లో దంచింది నేను. ఇప్పుడవి నాకంటే ముందు జాగ్రత్తపడి ఇల్లు దాటిపోతున్నాయి. నేను బతికే ఉన్నానని అరవాలనుకున్నాను. పిన్ని మరో కుండ కోసం వస్తూ నా కళ్ళు తెరిచి ఉండడం చూసింది. చప్పున పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొహం తిప్పుకుంది.

అన్నిటికంటే చివర అత్త వచ్చింది, చింతకాయ తొక్కు చిన్న జాడీ చేత్తో పట్టుకుని. ఆ జాడీ చూడగానే నాకు నోరూరింది. అన్ని రోజులుగా నోటికి రుచి తెలియని నాకు నోరూరింది. శక్తంతా కూడదీసుకుని అన్నాను.

"అత్తా, అదొక్కటి ఉంచు."

ఆగింది. ఒక్క క్షణం ఆగినమాట నిజం. జాడీని రెండో చేత్తో కూడా పట్టుకుంది.

"ఊరుకో. పడుకో" అని, గడప దాటి వెళ్ళిపోయింది.

నేను చావలేదు. ఎందుకు చావలేదో డాక్టరుకూ తెలియదు. దేవుడని కొందరన్నారు, గట్టి పిండమని కొందరన్నారు. నా మటుకు నాకు కోపం వల్లే అని గట్టి నమ్మకం. అరలో ఖాళీ గోడ కనిపిస్తూ ఉండేది, తలుపు కూడా వేయలేదు మరి. దాన్ని చూస్తూ పళ్ళు కొరుక్కుంటూ పడుకునేదాన్ని. వీళ్ళ లెక్క తప్పు చేస్తాను అనుకునేదాన్ని. జ్వరం నెమ్మదిగా దిగింది.

పథ్యం పెట్టే రోజు వచ్చింది. జ్వరం పడి లేచినవాళ్ళకు మా వైపు మొదటి ముద్దలోకి పాత చింతకాయ తొక్కు పెడతారు. అత్త మెత్తటి అన్నం వండింది. ఆ తర్వాత చిన్న గిన్నె పట్టుకుని పక్కింటికి పోయింది, మా తొక్కును అడిగి తేవడానికి. తెచ్చి విస్తట్లో వేసింది. నేను అన్నం ముందు కూర్చుని, "ఇది పిన్ని వాళ్ళదా, మనదా?" అని అడిగాను.

"మనదే. తిను."

"మనదైతే మనింట్లో లేదేం?"

అత్త నీళ్ళచెంబు నా ముందుకు జరిపింది. తిన్నాను. ఆకలి అలాంటిది, రోషం దాని ముందు నిలవదు. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే కారం అని చెప్పాను. చింతకాయ తొక్కులో అంత కారం ఉండదని అక్కడ అందరికీ తెలుసు.

జాడీలు మాత్రం వెంటనే తిరిగి రాలేదు. ఈ జ్వరం ఒకసారి దిగి మళ్ళీ తిరగబెడుతుందని ఎవరో చెప్పారట. నేను గోడ పట్టుకుని వాకిట్లోకి వచ్చినా రాలేదు. నా జుట్టు నేను దువ్వుకున్నా రాలేదు. బావిలోంచి చేద తోడి చూపించాక, అప్పుడు ఒకటొకటిగా వచ్చాయి. నేను బతికానని ఆ ఇల్లు ఒప్పుకుంది ఆ రోజు. మా ఆయన జాడీ దించుతూ నా వైపు చూసి ఏదో సరదాగా అనబోయాడు. నా మొహం చూసి మానుకున్నాడు.

మా ఆయన చెడ్డవాడు కాదు. అడిగితే, "పద్ధతి అది. నేనేం చేసేది?" అన్నాడు. అత్తను అడిగాను. అడగడం కాదు, ఒకరోజు వరుగులు పరిచేటప్పుడు కడిగేశాను. ప్రాణం ఉన్న మనిషి కళ్ళముందు అట్లా మోసుకుపోవడానికి నీకు చేతులెట్లా వచ్చాయి అన్నాను. ఇదే నీ కూతురైతే మోసేదానివా అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆమె బండ మీద చీలికలు తిరగేస్తూనే ఉంది.

"పారబోస్తే తిరిగొస్తయ్యా?" అంది చివరికి. అంతే.

నాలో ఏదో ఆ రోజుతో గట్టిపడిపోయింది. వంకాయ వరుగుకి ఉన్న విలువ నాకు లేదని ఆ ఇంట్లో తేలిపోయింది అనుకున్నాను. ఆ తర్వాత పిల్లలు పుట్టారు, పెరిగారు. ఏటా చలికాలంలో ఇద్దరం ఎదురూబొదురూ కూర్చుని తరిగేవాళ్ళం. ఉప్పెంత, మజ్జిగెంత అనే మాటలు తప్ప మరో మాట ఉండేది కాదు. పని మాత్రం ఆమె దగ్గరే పూర్తిగా నేర్చుకున్నాను. నేనూ వరుగుల్ని చెవి దగ్గర ఆడించి వినేదాన్ని. కానీ ఒకటి నిశ్చయించుకున్నాను. ఈ అర తాళం నా చేతికి వచ్చాక, మనిషి ఊపిరి ఉండగా ఒక్క జాడీ గడప దాటదు. పోతే పోనీ, ఏడాది తిండి దిబ్బపాలు కానీ.

అరవైలు వచ్చాయి. సాగరు కాలవ తవ్వడం మొదలైంది. దూరంగా డైనమైట్లు పేలితే అరలో జాడీల మూతలు టకటకలాడేవి. కాలవ వస్తే ఎండాకాలం కూడా కూరలు పండుతాయి, ఇక ఈ వరుగుల గోల ఉండదని మా ఆయన సంబరపడేవాడు. అత్త నమ్మలేదు. "వచ్చినప్పుడు చూద్దాం" అనేది. ఆమె చూడలేదు.

ఆ చలికాలం దొడ్డి ఎన్నడూ లేనట్టు కాసింది. అత్త కత్తిపీట ముందు కూర్చోలేకపోయింది. కాళ్ళు ఉబ్బాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. నరసరావుపేట ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కొన్నాళ్ళు ఉంచుకుని, ఇంటికి తీసుకెళ్ళండి అన్నారు. ఆ మాటకు అర్థం ఏమిటో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. తెచ్చి నడిగదిలో, ఒకప్పుడు నా మంచం ఉన్న చోటే ఆమె మంచం వేశాం. మరో చోటు లేదు ఆ ఇంట్లో.

అర నిండుగా ఉంది. నేను ఒక్కదాన్నే తరిగి, ఎండబెట్టి, నింపాను. తాళం నా కొంగున ఉంది. పక్కింటి పిన్ని రెండుసార్లు వచ్చి, అటు అర వైపూ ఇటు నా వైపూ చూసి పోయింది. మా ఆయన కూడా గొంతు సవరించుకుని, "మరి ఆ జాడీలు" అన్నాడు. "ఏ జాడీలు?" అన్నాను. మళ్ళీ ఎత్తలేదు.

ఎత్తింది అత్తే. ఆ పొద్దున గంజి పట్టిస్తుంటే చెంచా పక్కకు నెట్టింది.

"ఏమే. జాడీలు తీయించలేదేంది?"

"ఎందుకు తీయిస్తాను? నువ్వు బాగానే ఉన్నావు."

"బాగున్నానో లేదో నాకు తెల్దా? తీయించు."

"తీయించను. నీ ముందునుంచి మోసుకుపోవడం నా వల్ల కాదు. నువ్వు చేయగలిగావు, నేను చేయలేను."

ఇన్నేళ్ళూ ఆ మాట అనే రోజు కోసమే దాచుకున్నాను. అనేశాను. ఏదో గెలిచినట్టు ఉంటుందనుకున్నాను, ఏమీ అనిపించలేదు. అత్త చాలాసేపు ఊపిరి కోసం పెనుగులాడింది. తర్వాత నిదానంగా, ఆగి ఆగి చెప్పింది.

"నీ మామని చేలో పుట్టకాడ పురుగు ముట్టింది. పొద్దున నడిచి పోయినోడు, మద్దేనానికి మోసుకొచ్చారు. జాడీలు తీసేదానికి ఏడ తీరిక? దాయాదులొచ్చి అన్నీ దిబ్బ మీద పోశారు. ఆ ఏడు వానల్లేవు. జొన్నలు చేతికి రాలా. ముండమోసిందాన్ని, గడప దాటి ఎవురినీ అడిగేదానికి లేదు. ఎండాకాలమంతా వట్టి గంజి. పెద్దోడు తట్టుకున్నాడు. చిన్నోడు తట్టుకోలా. దిబ్బకాడికి పోయి ఎండిన వరుగులు ఏరుకుని నోట్లో పెట్టుకునేవోడే. చూసినోళ్ళు నన్ను తిట్టారు, మైల కూడు తింటన్నాడని."

ఆగింది. నేను చెంచా గంజి గిన్నెలో పెట్టేశాను.

"నువ్వు ఆకలి చూళ్ళేదే. పిల్లలున్నారు. తీయించు."

ఆ ఇంట్లో అన్నేళ్ళు కాపురం చేసి నాకు తెలియని సంగతి అది. ఆమె నా జాడీలు మోసింది నేను చస్తే చావనీ అని కాదు, మిగిలినవాళ్ళు చావకూడదని. తెలిసింది గానీ, తెలిసినంత మాత్రాన నా మంట ఆరిపోయిందని అబద్ధం చెప్పను. రెండూ ఉన్నాయి నాలో ఆ క్షణాన, జాలీ ఉంది, మంటా ఉంది. లేచి కొంగున తాళం విప్పాను.

ఎవరినీ పిలవలేదు. అన్నీ నేనే మోశాను. ఆమె మంచం మీద పక్కకు ఒత్తిగిలి, కళ్ళు తెరుచుకుని చూస్తూ ఉంది. ఒక్కొక్క కుండా తన పక్కనుంచి పోతుంటే ఒక్కొక్క మాట చెప్పింది.

"గోరుచిక్కుడు. వాసెన గట్టిగుందా చూడు."

"ఉంది అత్తా."

"గోంగూర కదా అది. పిన్నికి చెప్పు, తడిచెయ్యి పెట్టొద్దని."

"చెప్తాను."

"కొరివికారం జాగర్త. అది పగిలితే ఇంకేం లేదు."

నేను ఏడుస్తూ పోతానేమో అనుకున్నాను ఆ గడప మీదుగా. నాకు కళ్ళు పొడిగానే ఉన్నాయి. ఆమె మొహం చూస్తే, చావబోయేవాళ్ళ మొహంలా లేదు. ఒక్కొక్క కుండా దాటినకొద్దీ ఆ నుదురు సడలుతూ వచ్చింది. నన్ను ముక్కలు చేసిన పని ఆమెకు ఊరట.

చివరికి చింతకాయ తొక్కు చిన్న జాడీ మిగిలింది. దాన్ని తెచ్చి ఆమె మంచం కింద పెట్టాను.

"అదేంది? అది మరిచావు."

"మరవలేదు. అది నీది. రేపు గంజిలోకి కావాలి."

"పిచ్చిదానా, దండగైపోద్దే. పట్టుకుపో."

"దండగైతే అవనీ. నేను నిన్ను అడిగాను, అదొక్కటి ఉంచమని. నువ్వు ఉంచలేదు."

ఆమె నన్ను చూసింది. ఎప్పుడడిగావని అనలేదు, జ్వరంలో ఏదో అని ఉంటావని అనలేదు. అన్నేళ్ళూ ఆమెకూ గుర్తుందన్నమాట.

"నాకు భయమేసిందే" అంది.

ఆమె చెయ్యి తీసి నా చేతిలో పెట్టుకునే అలవాటు మా మధ్య లేదు. దుప్పటి సర్దాను. కాసేపయ్యాక తనే అడిగింది.

"ఒక రవ్వ నాలిక మీద పెట్టు."

జాడీ మూత తీసి, గోరంత తీసి నాలుక మీద రాశాను. చప్పరించింది. కళ్ళు మూసుకుంది. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఉప్పు చాల్లేదే. నిలవుండదు" అంది.

మర్నాడు గంజి తాగలేదు. మధ్యాహ్నానికి పోయింది.

తీసుకెళ్ళాక ఇల్లు కడిగారు. మంచం ఎత్తేసరికి కింద జాడీ కనపడింది. పక్కింటి పిన్ని వాకిట్లోంచే చూసి, "అయ్యో, అదొక్కటి మరిచిపోయావటే అమ్మాయ్" అని నొచ్చుకుంది. కాదని చెప్పలేదు. జాడీ తీసుకుని దొడ్డివైపు దిబ్బ దగ్గరకు పోయాను. అక్కడ ఎవరూ లేరు. ఆ దిబ్బ మీద ఒకప్పుడు పసివాడు కూర్చుని వరుగులు ఏరుకున్నాడు. నేను కాపురానికొచ్చిన నాటినుంచీ రోజూ చెత్త పోసింది ఆ దిబ్బ మీదే.

మూత తీశాను. వంచబోయి ఆగాను. మైల తిండి ముట్టకూడదని తెలుసు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను.

ఉప్పు సరిపోయింది. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.